గిరిజక్క జంపఖానాలు

"పద్నాలుగు!" మెట్ల మీద కూర్చుని, స్కూలు సాక్సు కిందికి లాగి దద్దుర్ల లెక్క తేల్చింది అక్షర. "అమ్మా, ఐ హ్యావ్ ఫోర్టీన్. నాన్నకి నైనే. ఐ విన్!"

"గోకకు," అంది హేమశ్రీ, కూతురి లంచ్ బాక్సు మూత నొక్కుతూ.

"నానమ్మ కూడా గోకుతోంది."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ సరోజిని పాదం మీంచి గబుక్కున చెయ్యి తీసేసింది. "గోకట్లేదు, దులుపుకుంటున్నా," అంది. కొడుకు కొత్త ఇంట్లో దురద పుట్టిందని ఒప్పుకోవడం ఆవిడకి నామోషీ.

కొత్త ఇల్లంటే వీళ్ళకి కొత్త. జాన్సన్‌విల్ కొండవాలులో ఎప్పటిదో చెక్క ఇల్లు. శనివారం తెల్లవారుజామున పాలు పొంగించారు. పదింటికి వ్రతం. నలభై మంది వరండాలో చెప్పులు విప్పి, హాల్లో కార్పెట్ మీద జంపఖానాలు పరిస్తే వాటి మీద రెండు గంటలు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. మూడో కథకే జనం కదలడం మొదలైంది. ఐదో కథ ముగిసేసరికి స్వామి మీద కన్నా కాళ్ళ మీద ధ్యాస ఎక్కువైంది. పులిహోర తినేటప్పుడు సగం మంది ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో మొదటి పిక్క రుద్దుకుంటున్నారు.

మూడు రోజులైంది. ఈలోగా సరోజిని తనకి తెలిసిన వైద్యాలన్నీ చేసింది. ఆదివారం సాంబ్రాణి వేస్తే పొగ అలారం ఇల్లెగిరిపోయేలా అరిచి, పక్కింటాయన నిచ్చెనతో పరుగెత్తుకొచ్చాడు. సోమవారం పసుపునీళ్ళు చల్లితే మీగడ రంగు కార్పెట్ మీద అరచేతులంత మచ్చలు పడ్డాయి. కుక్కల మీదా పిల్లుల మీదా బతికే ఆ గెంతుడు పురుగులు, ఫ్లీలు, మాత్రం ఎగురుతూనే ఉన్నాయి.

"నల్లులైతే మంచం కోళ్ళకి కిరసనాయిలు పోసేవాళ్ళం," అంది ఆవిడ. "ఇవేం జాతో! కనబడ్డట్టే ఉండి మాయమైపోతాయి."

"గిరిజక్క గారేజీలో పెరిగిన జాతి," అన్నాడు శశిధర్, కారు తాళాలు వెతుక్కుంటూ.

హేమశ్రీ లంచ్ బాక్సు కూతురి బ్యాగులో పెట్టేసింది. ఆ మాట మొదట అన్నది తనే.

శనివారం సాయంత్రం తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో కిరణ్మయి తన పిల్లాడి కాళ్ళ ఫోటో పెట్టింది. దాని వెనకే ఇంకో నాలుగు ఫోటోలు. ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. ఎవరో "వ్రతం ప్రసాదమా?" అని రాశారు. పొద్దుటినుంచీ నిలబడి నిలబడి ఉన్న హేమశ్రీకి ముఖం భగ్గుమంది. ఒక్క నిమిషం ఆలోచించకుండా టైప్ చేసింది: "ఇల్లు అమ్మేముందే కార్పెట్ క్లీన్ చేయించారు. జంపఖానాలు మాత్రం గిరిజక్క గారేజీలోంచి తెచ్చినవి. అక్కడ పిల్లి ఉంటుంది."

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే దాని విషం.

గిరిజకి పిల్లి ఉంది. గిరిజ ఇంట్లోనే వంట చేసి, నగర కౌన్సిల్ దగ్గర రిజిస్టరైన వంటగదిలోంచి రోజూ క్యారేజీలు పంపుతుంది. పిల్లీ, ఫ్లీలూ, క్యారేజీలూ ఒకేచోట అని జనానికి వేరే చెప్పక్కర్లేకపోయింది. ఆదివారం రాత్రికి సగం మంది క్యారేజీలు మానేశారని కిరణ్మయే ఫోన్ చేసి చెప్పింది. చెప్పి, "పాపం," అని కూడా అంది.

*

శశిధర్ అక్షరని స్కూల్లో దింపి వచ్చేసరికి గుమ్మం ముందు తెల్ల వ్యాను ఆగి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, బక్కపల్చటి మనిషి దిగాడు.

"నమస్తే అక్కా, నేను విష్ణు. నిన్న ఫోన్ చేసిన," అన్నాడు. మాటలోనే నిజామాబాద్ వినిపించింది.

పురుగులమందు కొట్టేవాళ్ళకి హేమశ్రీ మూడుచోట్ల ఫోన్ చేసింది. అందరూ వచ్చే వారమే అన్నారు. సోమవారం సాయంత్రం ఇతనే ఫోన్ చేసి, రేపొస్తానన్నాడు. ఆ మూడింట్లో ఎవరో పంపారనుకుంది.

విష్ణు మందు డబ్బా దించలేదు. గుమ్మంలో నిలబడి ఇల్లంతా చూశాడు. పసుపు మచ్చలు చూసి సరోజిని వైపు చూశాడు. సరోజిని గోడ వైపు చూసింది.

"అక్కా, తెల్ల సాక్సులున్నయా? పొడుగువి?"

శశిధర్ క్రికెట్ సాక్సులు దొరికాయి. విష్ణు ఒక జత మోకాళ్ళదాకా లాక్కున్నాడు. ఇంకో జత హేమశ్రీకిచ్చాడు.

"నాకెందుకు?"

"నేను ఒక్కన్నే చూస్తే, మందు అమ్ముకోనీకి చెప్పిండంటరు. మీరు గూడ చూడుండ్రి. మీరొచ్చినంక ఎవ్వరు అడుగుపెట్టని అర్ర ఏదన్న ఉన్నదా?"

ఉంది. వెనక పడగ్గది. పాత యజమాని బీరువా ఒకటి అందులో ఉండిపోయింది. దాన్ని తీయించేదాకా వద్దని తాళం వేశారు. వ్రతానికొచ్చిన వాళ్ళు ఆ ఛాయలకి కూడా పోలేదు.

తలుపు తీశారు. విష్ణు గది మధ్యకి వెళ్ళి, వెర్రివాడిలా ఒకేచోట కాళ్ళు టపటపా కొట్టాడు. "మీరు గూడ, అక్కా."

హేమశ్రీ కొట్టింది. గుమ్మంలోంచి చూస్తున్న శశిధర్ నవ్వు ఆపుకున్నాడు. నిమిషం గడిచాక ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది.

చీలమండల దగ్గర తెలుపు మీద ఒక నల్లచుక్క. పక్కన ఇంకోటి. చూస్తుండగానే ఆవాలు చల్లినట్టు పిక్కలదాకా పాకాయి.

"అమ్మో!" అంది హేమశ్రీ.

విష్ణు వంగి, గోడవార కార్పెట్ మూల పైకెత్తాడు. మిరియాల పొడిలాంటి నలుసులు. తడి టిష్యూ మీద వేసి పట్టుకున్నాడు. నలుసుల చుట్టూ తడి మెల్లగా ఎర్రబడింది.

"ఇది రక్తం. తాగినదాంట్ల మిగిలింది ఇట్ల పడేస్తయ్. పాతది. ముందున్నాయనకి పిల్లులుండెనా?"

"రెండు," అన్నాడు శశిధర్ నెమ్మదిగా. "ఆయన్ని వృద్ధాశ్రమంలో చేర్చారు. పిల్లుల్ని కూతురు తీసుకెళ్ళింది."

"ఎన్ని దినాలైంది?"

"రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంది. కార్పెట్ క్లీన్ చేయించే అమ్మారు గదా?"

"కడిగితే గుడ్లు కొన్ని పోతయన్నా, గూళ్ళు పోవు. పట్టుపురుగు లెక్క గూడు కట్టుకొని కార్పెట్ అడుగుల పడుకుంటది. ఖాళీ ఇంట్ల బయటికొస్తే తిండి లేదని దానికి ఎరికే. నడక చప్పుడు, ఒంటి వేడి, ఊపిరి తగిలిందనుకో, టక్కున లేస్తది." అతను హాలు వైపు చెయ్యి చూపించాడు. "రెండు నెల్లు ఉపాసమున్నయ్. మీరేమో ఒక్కసారే నలభై మందిని తెచ్చి, చెప్పులిప్పించి, రెండు గంటలు కదలకుండ కూసోబెట్టిన్రు."

శశిధర్ గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అయితే మనం వ్రతం చేసుకుంటే అవి పారణ చేసుకున్నాయన్నమాట," అంది సరోజిని.

విష్ణు పకపకా నవ్వాడు. హేమశ్రీకి నవ్వు రాలేదు. "మరి జంపఖానాలు?" అంది.

శనివారం నల్ల సంచీల్లో కుక్కి తమ గారేజీలో పడేసినవి పడేసినట్టే ఉన్నాయి. విష్ణు ఒక్కోటీ సిమెంటు నేల మీద పరిచి, చీపురు కర్రతో కొట్టాడు. రెండు ఫ్లీలు లేచాయి. "ఇవి మీ కార్పెట్ నుంచి ఎక్కినయ్," అన్నాడు. నేత సందుల్లో వెతికాడు. నల్ల నలుసు ఒక్కటి లేదు. మడతల్లో ఎప్పటివో వేపాకులు, ఎండి గలగలమంటూ.

చివరి సంచీలోంచి ఎర్రచారల జంపఖానా బయటికొచ్చింది. హేమశ్రీ దాన్ని గుర్తుపట్టింది. శనివారం హడావుడిలో దాని మీదే పీట వేసి, కలశం పెట్టినా గుర్తుపట్టలేదు.

పన్నెండేళ్ళ కిందట, ఈ దేశంలో చలికాలమైన జూలైలో, చదువుకోడానికి వచ్చిన వారానికే అద్దె గది చేజారి, రెండు సూట్‌కేసులతో వర్షంలో బస్టాపులో నిలబడ్డ పిల్లని చూసి కారాపింది గిరిజ. "తెలుగమ్మాయివేనా? ఎక్కు. ఏడుపు కార్లో ఏడుద్దువుగాని," అంది. ఆ చలికాలం మూడు నెలలూ గిరిజక్క ముందుగదిలో ఈ ఎర్రచారల జంపఖానా మీదే పడుకుంది హేమశ్రీ. రోజూ రాత్రి దుప్పటి కింద వేడినీళ్ళ సంచీ ఉండేది. ఎప్పుడు పెట్టేదో ఒక్కసారీ కనబడేది కాదు.

"విష్ణూ, మిమ్మల్ని ఏ కంపెనీ పంపింది?" అని అడిగింది ఉన్నట్టుండి.

అతను తల గోక్కున్నాడు. "చెప్పొద్దన్నది. ఇయ్యాల నాకు సెలవక్కా. గిరిజక్క ఫోన్ చేసింది. వచ్చే వారందాక ఎవ్వరికి ఖాళీ లేదన్న. ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది, ముసలామె ఉన్నది, వారందాక ఆగలేరు, పోయి రారా అన్నది. కాదంటనా? చదువుకునే రోజుల్ల ఏడాది ఆమె డబ్బానే తిన్న."

*

"వద్దు," అన్నాడు శశిధర్.

వంటింట్లో ముగ్గురే ఉన్నారు. విష్ణు బయట వ్యాను దగ్గర మందు కలుపుతున్నాడు. హేమశ్రీ చేతిలో ఫోన్ ఉంది. తన కాళ్ళ ఫోటో తీసి, గ్రూపు తెరిచింది.

"ఏం వద్దు?"

"గ్రూపులో వద్దు హేమా. గిరిజక్కకి ఫోన్ చెయ్యి. ఇంటికెళ్ళు, కాళ్ళు పట్టుకో, నేనూ వస్తా. కానీ నలుగురిలో మా ఇంటివే అని రాస్తే ఇంకెవరైనా మన గడప తొక్కుతారా? పదేళ్ళు దాచి కొన్న ఇల్లు. ఫ్లీల ఇల్లని పేరు పడిపోతుంది."

"నలుగురిలోనే కదా ఆవిణ్ణి అన్నాను."

"నువ్వు కావాలని అనలేదు."

"కావాలనే అన్నాను శశీ. అప్పుడు నాకు కావలసింది ఒకటే. మన మీద ఉన్న చూపు ఇంకొకళ్ళ మీదికి పోవాలి. పోయింది."

శశిధర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. "రెండు వారాలు ఆగు. ఇల్లు శుభ్రమయ్యాక చెబుదాం. అప్పుడు జోకులా ఉంటుంది."

"రెండు వారాలు ఆవిడ పొయ్యి వెలగకపోతే?"

అతను ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండానే మూశాడు. బయట గాలికి కిటికీ అద్దం కొట్టుకుంటోంది.

సరోజిని అంతసేపూ గట్టు తుడుస్తోంది. తుడిచినచోటే తుడుస్తోంది.

"ఒరేయ్ శశీ," అంది తల తిప్పకుండా. "శనివారం అందరూ వెళ్ళిపోయాక అంట్లు ఎవరు తోమార్రా?"

"అమ్మా, ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"గిరిజక్క."

"గంగాళం తోముతూ ఆవిడా గోక్కుంటూనే ఉంది. నేను చూశాను. ఒక్కమాటన్నా అన్లేదు. ఇంట్లో శుభకార్యం, అంటే నొచ్చుకుంటారనుకుందేమో." సరోజిని గుడ్డ పిండి ఆరేసింది. "ఆవిడ జంపఖానా మీద స్వామిని కూర్చోబెట్టాం. పేరు పోతుందని నువ్వేడుస్తున్నావు. స్వామికి లేని భయం నీకెందుకురా?"

శశిధర్ తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు. చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. లాక్కున్నాడనే అనుకుంది హేమశ్రీ. అతను ఆమె రాసింది మెల్లగా చదివాడు.

"శనివారం మా ఇంట్లో అందర్నీ కుట్టినవి మా కార్పెట్‌లో ముందునుంచీ ఉన్నవే. గిరిజక్క జంపఖానాల్లో ఏమీ లేవు. చూడకుండా అన్నాను. తప్పు నాది."

"నాది కాదు, మాది అని పెడుతున్నా," అన్నాడు. "పొద్దున నేనూ అన్నానుగా." చివర విష్ణు ఫోన్ నంబరు కూడా చేర్చి, తనే పంపేశాడు. పంపాక చెయ్యి కాలినట్టు ఫోన్ బల్ల మీద పడేశాడు.

విష్ణు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "అందరు నాలుగు గంటలు బయటనే ఉండాలె. వచ్చినంక రెండు వారాలు తడిగుడ్డ పెట్టొద్దు. పెద్దమ్మా, మీకే చెప్తున్న, పసుపునీళ్ళు గూడ వద్దు. ఇంకా కొన్ని లేస్తనే ఉంటయ్, భయపడొద్దు. లేసినకొద్దీ మందుకు సస్తయ్. జంపఖానాలు బాగ వేడి డ్రయ్యర్ల వెయ్యుండ్రి. ఇంకోటి అక్కా, బయటికి పొయ్యేటప్పుడు సాక్సులు మార్చుకోండ్రి."

"సరే," అంది హేమశ్రీ. ఆమె కళ్ళు ఫోన్ మీదున్నాయి. ముప్పై ఒక్క మంది చూశారు. ఒక్కరూ ఏమీ రాయలేదు.

*

డబ్బులేసి బట్టలు ఉతుక్కునే లాండ్రోమాట్‌లో, డ్రయ్యర్ల ముందు గంటన్నర కూర్చుంది హేమశ్రీ. తల్లిని తీసుకుని శశిధర్ లైబ్రరీకి వెళ్ళాడు. గుండ్రటి అద్దం వెనక ఎర్రచారలు తిరుగుతూనే ఉన్నాయి. అన్నీ మడతపెట్టి కారెక్కించేసరికి చేతులకి వేడి తగులుతోంది.

గిరిజ ఇంటి ముందు గాలి తోసేస్తోంది. జంపఖానాలు గుండెలకి హత్తుకుని, మోచేత్తో బెల్లు నొక్కింది.

తలుపు తీసిన గిరిజ, మడతల పైనుంచి కనబడుతున్న ముఖాన్ని చూసింది. యాభై దాటిన మనిషి. నైటీ మీద ఏప్రన్, జుట్టు ముడి.

"జాన్సన్‌విల్ అంతటికీ నా పిల్లిని పరిచయం చేశావే," అంది.

"అక్కా..."

"దానికి నెలనెలా మందు వేయిస్తా. నాకన్నా దానికే డాక్టరు ఖర్చెక్కువ. అడిగితే చెప్పేదాన్నిగా?"

"అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. గ్రూపులో పెట్టానక్కా ఇప్పుడే. మా ఇంటివేనని. చూశావా?"

"నేను గ్రూపులో లేనే. శనివారమే బయటికొచ్చేశా."

హేమశ్రీ చేతుల్లో జారుతున్న జంపఖానాలు సర్దుకుంది. లాండ్రోమాట్‌లో కూర్చుని వందసార్లు చూసుకుంది, ఎవరైనా ఏమైనా రాశారా అని. చదవాల్సిన ఒక్క మనిషీ అక్కడ లేనే లేదు.

"అయితే నీకే చెబుతాను," అంది. గాలికి కళ్ళనీళ్ళు పక్కకి పోతున్నాయి. "తప్పు చేశానక్కా. నువ్వు పడుకోబెట్టిన జంపఖానానే అన్నాను. నా మాటకి నీ పొయ్యి ఆగింది. అయినా విష్ణుని పంపావు."

"వాడు చెప్పేశాడూ? వాడి నోట్లో నువ్వుగింజ నానదు." గిరిజ చెయ్యి చాచి పైనున్న ఎర్రచారల జంపఖానా అందుకుంది. ఒక్కక్షణం దాన్ని చెంపకి ఆనించుకుంది. "వేడిగా ఉందే," అంది. "గాలి లోపలికొస్తోంది. రా."

చెప్పులు గుమ్మంలో విప్పి లోపలికి వెళ్ళింది హేమశ్రీ. వంటిల్లు అద్దంలా ఉంది. ఎప్పుడూ ఈ వేళకి వరసలో నిలబడే క్యారేజీ డబ్బాలు షెల్ఫులోనే బోర్లించి ఉన్నాయి. పొయ్యి మీద ఒకే ఒక చిన్న గిన్నెలో చారు.

గట్టు మీద ప్రింటు తీసిన కాగితం ఒకటి. గిరిజ దాన్ని ఇటు తోసింది.

"కౌన్సిల్ నుంచి. ఎవరో కంప్లైంట్ ఇచ్చారట. గురువారం పదింటికి వంటిల్లు చూడ్డానికి మనిషి వస్తోంది. ఒక్క పురుగు కనబడినా, వాళ్ళు మళ్ళీ ఊఁ అనేదాకా వంట ఆపెయ్యాల్సిందే."

కాగితం అడుగున ఒక మెసేజ్ అచ్చయి ఉంది. తెలుగులో తను రాసిందే. కింద దాని ఇంగ్లీషు.

"ఎవరు మార్చారో గానీ తప్పుల్లేకుండా మార్చారు," అంది గిరిజ.

హేమశ్రీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "గురువారం నేనొస్తానక్కా. సెలవు పెడతాను. ఇది రాసింది నేనే, తప్పనీ నేనే చెబుతాను. విష్ణుని కూడా రమ్మంటాను."

"నువ్వొస్తావని తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ జూలైలో వచ్చి మూడు నెలలున్నావు. వెళ్ళేరోజున నేను ఇంట్లో లేనప్పుడు ముందుగది కిటికీ అద్దాలన్నీ తుడిచి వెళ్ళావు. ఇప్పటికీ ఎవరూ అలా తుడవలేదు." గిరిజ స్టవ్ వెలిగించింది. "కూర్చో. చారు వేడి చేస్తా. ముఖం చూడు, పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేదు."

ఎన్నాళ్ళ తర్వాతో ఎవరో సూట్‌కేసు చేతిలోంచి అందుకున్నట్టనిపించింది హేమశ్రీకి. కుర్చీ వెనక్కి లాగింది.

"హేమా."

గిరిజ గొంతులో తేడా విని తలెత్తింది. గిరిజ ఆమె ముఖం చూడటం లేదు. కిందికి చూస్తోంది.

హేమశ్రీ కూడా చూసుకుంది. మోకాళ్ళదాకా శశిధర్ క్రికెట్ సాక్సులు. పొద్దున తొడుక్కున్నవి. మార్చుకోలేదు. ఎడమ చీలమండ మీద, తెలుపులో, ఒక నల్లచుక్క.

ఆమె కుర్చీ వదిలేసింది. "అక్కా, నేను వెళ్ళిపోతాను. ఇప్పుడే..."

"కదిలావంటే చంపేస్తా."

గిరిజ సింకు దగ్గరి సబ్బు తడిపి, మోకాళ్ళ మీద వంగింది. టక్కున అదిమింది. సబ్బు తిప్పి చూసింది. నల్లచుక్క దానికి అంటుకుని ఉంది. ఇద్దరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు హేమశ్రీ రెండో కాలు చూసుకుంది. కుడి పిక్క మీద ఇంకో చుక్క. సబ్బు దానిదాకా వచ్చేలోపు అది లేచింది. మెరుస్తున్న వంటింటి నేల మీద ఎటు దూకిందో ఇద్దరికీ కనబడలేదు.

పొయ్యి మీద చారు పొంగు వస్తోంది. గిరిజ నేల మీంచి లేవకుండానే చెయ్యి చాచి మంట తగ్గించింది. గోడ మీది కాగితపు క్యాలెండర్ వైపు చూసింది. మంగళవారం. గురువారానికి ఇంకా రెండు రోజులే.

"నేను పోతానక్కా," అంది హేమశ్రీ మళ్ళీ, ఏడుపు గొంతుతో.

"ఎక్కడికే పోయేది?" అంది గిరిజ. "ఆ సాక్సులిప్పి సంచీలో మూతి కట్టు. గారేజీలో వాక్యూమ్ ఉంది, పట్టుకురా. నువ్వు ఆ మూలనుంచి, నేను ఈ మూలనుంచి."